నూనె తగిలిన టోపీ

మా ఊళ్ళో నా కుడిచేతికి పెద్ద పేరుంది. దమ్మపేట చుట్టుపక్కల ఎవరు మిరప నారు పోసినా, ఎవరు పామాయిల్ తోటలో మొదటి మొక్క నాటినా ముందు నాకే కబురొస్తుంది. నా హస్తవాసి మంచిదట. వెళ్తాను. ఒక గింజ వేస్తాను. మొలుస్తుంది. మంచి విత్తనం, మంచి నీళ్ళు, మొలవక ఏం చేస్తుంది? పేరు మాత్రం నాకు. ఆ పేరు ఇన్నేళ్ళుగా నా మెడలో గుదిబండ. రాత్రి అన్నం కలుపుకుంటూ ఈ చేతిని చూసుకుంటే ముద్ద దిగని రోజులున్నాయి. దిగిన రోజులే ఎక్కువ, అదీ చెప్పాలి.

మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే చెప్పేదాన్ని కాదు. గుళ్ళో చెప్పుకోవచ్చు కదా అంటారేమో. భద్రాచలం ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, రాముడి ముందు నిలబడి ఎప్పుడూ పెద్ద మనవడి చదువు గురించి, నా మోకాళ్ళ గురించే అడిగాను. ఆయనకు తెలిసిన సంగతి మళ్ళీ చెప్పడం ఎందుకని సర్దిచెప్పుకున్నాను. నాకు నేను సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మా మామగారి కాలం నుంచి మా ఇంట్లో ఒక తుపాకీ ఉండేది. పంట కాపలాకు లైసెన్సు ఇచ్చిన పాతకాలపు తుపాకీ. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుళ్ళు వేసి, కడ్డీతో దట్టించాలి. వెనక, సుత్తి కింద, సన్నటి బెజ్జం ఉన్న బొడిపె ఒకటి ఉంటుంది. దాని మీద రాగి టోపీ తొడగాలి. టోపీ అంటే పెద్దదేం కాదు, చొక్కా గుండీ కంటే చిన్నది. దాని కడుపులో చిటికెడు మందు అంటించి ఉంటుంది. సుత్తి పడగానే టోపీ పేలి, ఆ నిప్పు బెజ్జంలోంచి లోపలికి దూకి, గొట్టంలో మందును అంటిస్తుంది. టోపీ మంచిదైతే రెండు పేలుళ్ళూ ఒకే చప్పుడుగా వినిపిస్తాయి. మా చేను ఇంటి వెనకే, అడవి అంచున. మొక్కజొన్న కంకి పాలు పట్టగానే పందులు మందలుగా దిగేవి. పొద్దు వాలే వేళకు తుపాకీ ఒకసారి మోగితే నాలుగు రోజులు అటు తొంగిచూసేవి కావు.

ఆ టోపీల డబ్బీ వంటింట్లో ఉండేది. చెమ్మ తగలకూడదని పొయ్యి పైన అటక మీద పెట్టేవాళ్ళు. దానికో ఆచారం ఉంది. ఊళ్ళో ఇంకెవరింట్లోనైనా ఉందో లేదో నాకు తెలియదు, మా ఇంట్లో ఉంది. తుపాకీ బయటికి తీసిన రోజు టోపీని ఇంటి ఆడది తన చేత్తో మగవాడి చేతిలో పెట్టాలి. "మందు మగోనిది, నిప్పు ఆడదానిది" అనేది మా అత్తమ్మ. తుపాకీ మోగితే ఆ చెయ్యి మంచిది. మోగకపోతే చేతిలో ఏదో ఉన్నట్టు. నేను కాపురానికి వచ్చిన ఏడాది నుంచి టోపీ ఇచ్చే చెయ్యి నాదే. మా ఆయన అరచెయ్యి చాపేవాడు, నేను పెట్టేదాన్ని. చిన్న గౌరవమే. కానీ ఆ ఇంట్లో నాకంటూ ఉన్న గౌరవం అదొక్కటే.

ఒకరోజు తలకు నూనె రాసుకుని, చెయ్యి కడుక్కోకుండానే డబ్బీ తీశాను. మా ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నూనె తగిల్తే టోపీ సచ్చిపోతది" అన్నాడు. సుత్తి ఎంత గట్టిగా పడినా దాంట్లో నిప్పు పుట్టదట. నేను నవ్వి చెయ్యి తుడుచుకున్నాను. ఆ మాట మాత్రం బుర్రలో పడిపోయింది. అప్పుడు దానితో నాకేం పని? ఏ పనీ లేదు. కొన్ని మాటలు అలా పడి ఉంటాయి, పని వచ్చేదాకా.

తర్వాత మా మరిది శ్రీనుకు పెళ్ళయింది. గోదావరి ఒడ్డున, బూర్గంపాడు వైపు పిల్ల. పేరు లలిత. మనిషి పెద్ద అందగత్తె కాదు. పని తెలిసిన పిల్ల, నవ్వు ముఖం. వచ్చిన నెలకే అత్తమ్మ కాళ్ళు పట్టడం నుంచి గేదెకు కుడితి పెట్టడం దాకా అన్నీ తన మీద వేసుకుంది. ఏకై వచ్చి మేకైందని నేను నలుగురిలో అంటూ తిరిగాను. నిజానికి మేకు గుచ్చుకున్నది నాకొక్కదానికే. నన్ను నోరారా అక్కా అని పిలిచేది. ఆ పిలుపు కూడా నాకు గిట్టేది కాదు.

ఆ ఏడాది మా ఆయనకు నడుం పట్టేసింది. చేను కాపలా శ్రీను మీద పడింది. భర్త చేతికి భార్యే టోపీ ఇవ్వాలి కదా అని అత్తమ్మ డబ్బీ నా చేతుల్లోంచి తీసి లలిత చేతిలో పెట్టింది. నాతో ఒక మాట అనలేదు, అడగలేదు. ఉప్పు డబ్బా ఇటు నుంచి అటు జరిపినట్టు జరిపేసింది. ఆ సాయంత్రం తుపాకీ ఊరు అదిరేలా మోగింది. వారం పాటు చేలోకి పంది రాలేదు. "చిన్నదాని చెయ్యి బంగారం" అని అత్తమ్మ వీధి వీధికీ చెప్పింది. పక్కవాళ్ళు వేరుశనగ విత్తడానికి లలితను పిలుచుకుపోయారు. అంతకుముందు ఏడాది నన్ను పిలిచినవాళ్ళే.

ఇంతకే అంత పని చేశావా అని మీరు అడుగుతారు. ఇంతకే. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. కడుపు నిండా తిండి పెట్టారు. ఒక డబ్బీ చెయ్యి మారింది, అంతే. పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతికాను. దొరకలేదు.

మొదటిసారి చేసినప్పుడు మధ్యాహ్నం. ఇంట్లో ఎవరూ లేరు. డబ్బీ దించాను. అగ్గిపుల్లకు కాస్త దూది చుట్టి నువ్వుల నూనెలో ముంచి, ఒక్కో టోపీ కడుపులో అద్దాను. ముగ్గు చుక్కలు పెట్టినంత నెమ్మదిగా పెట్టాను. కొన్నిటిని మాత్రం ముట్టుకోకుండా ఒక గుడ్డపీలికలో కట్టి నా పెట్టెలో దాచాను. ఎందుకు దాచానో అప్పటికి నాకే స్పష్టంగా తెలియదు. చేతికి తెలుసేమో.

ఆ సాయంత్రం శ్రీను సుత్తి వదిలితే 'టక్' మంది. టోపీ పేలనే లేదు. ఇంకోటి తొడిగాడు. అదీ అంతే. పందులు చేను మధ్యలో గురగురలాడుతూ కంకులు విరిచి తిన్నాయి. మర్నాడు శ్రీను బొడిపె బెజ్జంలో సూది పెట్టి గెలికాడు, మందు ఎండబెట్టాడు, సుత్తి బిగించాడు. మళ్ళీ అదే. పాత టోపీలు పాడయ్యాయని ఖమ్మం వెళ్ళి కొత్త డబ్బీ తెచ్చాడు. అది అటకెక్కిన మధ్యాహ్నమే దాని పనీ చూశాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దాకా ఎందుకు, మా ఇంట్లో ఎవరూ నా వైపు చూడను కూడా చూడలేదు.

కొత్త టోపీలు కూడా పేలకపోయేసరికి అందరి చూపూ లలిత చేతి మీద పడింది. ఆ చూపులు చూస్తుంటే నాకు ఎంత బాగుండేదో చెప్తే అసహ్యించుకుంటారు. అయినా చెప్తాను. ఆకలి మీద వేడివేడి అన్నం తిన్నట్టుండేది. లలిత సబ్బు పెట్టి చేతులు రుద్దుకునేది. పసుపు రాసుకునేది. టోపీ ఇచ్చేముందు కళ్ళు మూసుకుని దండం పెట్టుకునేది. నేను పప్పు తాలింపు వేస్తూ అదంతా చూసేదాన్ని.

ఒకనాడు అత్తమ్మ అంది, "పెద్దదాని చేత ఇప్పిచ్చి సూద్దాం" అని. నాకు గుండె ఝల్లుమంది, భయంతో కాదు. లోపలికి వెళ్ళి, డబ్బీ తీసినట్టు చప్పుడు చేసి, గుడ్డపీలికలో దాచిన మంచి టోపీ తెచ్చి శ్రీను అరచేతిలో పెట్టాను. తుపాకీ మోగింది. చెట్ల మీది కాకులన్నీ లేచాయి. అత్తమ్మ నా వైపు చూసింది, తర్వాత లలిత వైపు చూసింది. ఇంక మాటలు అక్కర్లేకపోయాయి. పీలికలో టోపీలు ఎందుకు దాచానో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

అక్కడితో ఆపి ఉంటే? డబ్బీ నాకు తిరిగొచ్చేది. లలిత నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేది. ఏ ఇంట్లో కోడళ్ళు ఏడవలేదు? కానీ శ్రీనుకు పెళ్ళామంటే ప్రాణం. నలుగురూ ఆమె చేతిని అంటుంటే పడలేకపోయాడు. మర్నాడు పొద్దు వాలుతుండగా తుపాకీ దట్టించి, పాలేళ్ళను, పక్కింటివాళ్ళను చేని గట్టు మీద నిలబెట్టి, "నా పెండ్లాం చేత్తోనే తీసుకుంట. ఎట్ల మోగదో నేను గూడ సూస్త" అన్నాడు.

లలిత ఇంట్లోకి వచ్చింది టోపీ కోసం. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పెట్టె పక్క గదిలోనే ఉంది. పీలికలో ఇంకా మంచి టోపీలున్నాయి. "ఉండు, నేను తీసిస్తాను" అని ఒక్క మాట అంటే చాలు. ఆమె అటక మీదికి చెయ్యి చాపింది, డబ్బీ అందక మునివేళ్ళ మీద నిలబడింది. నేను పొయ్యిలో కట్టె ఎగదోశాను.

గట్టు మీద శ్రీను గురి పెట్టి మీట నొక్కాడు. 'టక్' అనలేదు ఈసారి. 'తుస్' మంది. తడిసిన టపాకాయలా చిన్న పొగ వచ్చింది. టోపీ సగం పేలింది, గొట్టంలో మందు పేలలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. అలాంటప్పుడు కదలకూడదని మా ఇంట్లో నియమం ఉంది. గొట్టం చేనుకేసే పెట్టి, నోట్లో పొగాకు నమిలి ఉమ్మేదాకా అలాగే ఉండాలని మామగారు ఇద్దరు కొడుకులకూ నూరిపోశారు. ఆ నవ్వు వినపడగానే శ్రీను నియమం మరిచిపోయాడు. తుపాకీ భుజం మీంచి విసురుగా దించి, దాని కర్ర మడమను నేలకు ఆనించి, గొట్టం మూతిని ఎడమ అరచేత్తో పట్టుకుని నవ్విన వాళ్ళ వైపు తిరిగాడు.

అప్పుడు మోగింది.

అతని ఎడమచేతికి బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి. ఆటోలో ఖమ్మం దవాఖానాకు తీసుకుపోతుంటే లలిత తన కొంగుతో ఆ చేతిని చుట్టి పట్టుకుంది. దారిలోనే అత్తమ్మ ఆ కొంగు లాగేసి, నేను తెచ్చిన తువ్వాలు చుట్టించింది. "దాని చెయ్యి తాకనియ్యొద్దు" అంది. నేను చుట్టాను. నా చేత్తోనే.

నాకు తెలియదు అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నూనె తగిలితే టోపీ చచ్చిపోతుందని మాత్రమే తెలుసు, మోగదు అనుకున్నాను, ఆలస్యంగా మోగుతుందని నాకేం తెలుసు? ఈ మాట పట్టుకునే నిద్రపోయాను. మీకూ అదే చెబుదామనుకున్నాను. చూడండి, మా ఆయన చెప్పిన మాట పైన రాశానే, అందులో సగమే రాశాను. ఆయన ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు. "సచ్చిన టోపీతోటి భయం లేదు. సగం సచ్చిన దానితోటే భయం. నిప్పు లోపల దాక్కుంటది, ఎప్పుడు లేస్తదో తెల్వదు." నాకు తెలుసు. లలిత మునివేళ్ళ మీద నిలబడ్డప్పుడు నాకు తెలుసు. కట్టె ఎగదోస్తున్నప్పుడు తెలుసు. శ్రీనుకు ఏమైనా అవుతుందని అనుకున్నానా? ఏమీ కాదులే అనుకున్నానా, అయితే కానివ్వు అనుకున్నానా? ఇది మాత్రం నిజంగా నాకు తేలలేదు. రెండోదే అయి ఉంటుంది.

దవాఖానా నుంచి వచ్చాక శ్రీను మారిపోయాడు. ఊరందరినీ ఎదిరించి పెళ్ళాం చేతిని నిలబెట్టాలని చూసినవాడు, ఆమె మంచినీళ్ళ గ్లాసు తెస్తే కుడిచేత్తో విసిరికొట్టాడు. లలిత వాళ్ళ నాన్న వచ్చి ఆమెను తీసుకుపోయాడు. ఆమె వెళ్ళేటప్పుడు అందరి కాళ్ళకూ దూరం నుంచే మొక్కింది. నా దగ్గరికి వచ్చేసరికి ఏదో అడగబోయింది. నేను ముఖం తిప్పుకోలేదు. సూటిగా చూసి, నలుగురూ వినేలా, "పోయి మీ అమ్మింట్లనన్న చేతులు కట్టుకొని కూసో" అన్నాను. అది ఎందుకన్నానో అడగకండి. గెలిచినవాళ్ళు ఊరికే ఉండరు.

తుపాకీని స్టేషన్లో అప్పజెప్పారు. పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. అత్తమ్మ పోయింది. పోయేముందు నా కుడిచెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టించుకుంది. శ్రీను మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉంటున్నాడు. అతని కంచంలో అన్నం నేనే వడ్డిస్తాను. ఎవరింట్లో శుభకార్యమైనా అతనే ముందు చెప్తాడు, "మా వదిన చెయ్యి పడితే తిరుగుండదు" అని. రెండు వేళ్ళ చేత్తో నా వైపు చూపిస్తూ చెప్తాడు.

పోయిన ఎండాకాలం చిన్న మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి భద్రాచలం వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో బూర్గంపాడు దగ్గర బండి ఆపారు. పిల్లాడు బిస్కెట్లని ఏడుస్తుంటే వాణ్ణి చంకనేసుకుని రోడ్డు పక్క కిరాణా కొట్టుకు వెళ్ళాను. గల్లాపెట్టె వెనక లలిత కూర్చుని ఉంది. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి గబుక్కున లేచింది. అన్న కొట్టట. పొద్దున బోణీ అయ్యేదాకా ఆమె లోపలే ఉంటుందట, బోణీ అన్నే చేస్తాడట. అదేదో ఎండ గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

బిస్కెట్ పొట్లం తీసింది. మనవడు గుండు ఊపుతూ రెండు చేతులూ చాపాడు. ఆమె వాడి చేతికి ఇవ్వలేదు. పొట్లం బల్ల మీద పెట్టి వెనక్కి జరిగింది.

"పిల్లగానికియ్యి లలితా" అన్నాను.

"వద్దక్కా. పసిబిడ్డ. నా చేత్తోటి ఎవ్వలకు ఏమియ్యను. అన్న పిల్లలకు గూడ గరిటెతోనే పెడ్త. నువ్వు దీసియ్యి, నీ చెయ్యి సల్లనిది."

గొంతు తగ్గించి అడిగింది. "ఆయన చెయ్యి నొస్తుందా అక్కా, చలికాలం?"

"నొయ్యదు" అన్నాను.

"నాకు తెల్వకనే జరిగిందక్కా. నా చేతుల గట్లాంటిదుందని తెలిస్తే నేను పెండ్లే చేసుకోకపోదును."

ఆమె నన్ను సముదాయిస్తోంది. తప్పు తనదైనట్టు, నా కుటుంబానికి తాను చేసిన అన్యాయానికి నన్ను క్షమించమన్నట్టు చూస్తోంది. మాట నా నాలుక చివరికొచ్చింది. ఒక్క వాక్యం. కొట్లో ఇంకెవరూ లేరు. బండి దగ్గర శ్రీను నిలబడి ఉన్నాడు, పిలిస్తే వినపడేంత దూరంలో. చెప్తే ఏమవుతుంది? ఇంట్లోంచి గెంటుతారు. కొడుకు ముఖం చూడడు. మొదటి గింజకు ఎవరూ పిలవరు. ఇవన్నీ ఆ క్షణంలోనే బేరీజు వేసుకున్నాను, కొట్లో సరుకు ఎంచుకున్నట్టు. బల్ల మీది పొట్లం తీసి మనవడి చేతిలో పెట్టాను.

"అంతా రాత లలితా" అన్నాను. ఆమె తల ఊపింది. చేతులు రెండూ కొంగు కింద పెట్టుకుంది.

తిరిగొస్తుంటే దారంతా మనవడు బిస్కెట్లు నములుతూ నా చీర మీద పొడి రాల్చాడు. శ్రీను ముందు సీట్లో కునుకు తీశాడు. కొట్లో ఎవరున్నారో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరెవరు క్షమించడానికి? క్షమించాల్సినామె కొంగు కింద చేతులు దాచుకుని బోణీ అయ్యేదాకా లోపల కూర్చుంటోంది. ఈ కాగితం ఆమె దాకా పోదు. పంపేంత ధైర్యం నాకుంటే కొట్లోనే చెప్పేదాన్ని. ఒక్కసారి, ఎవరో ఒకరికి, ఆ వాక్యం పూర్తిగా అనాలనిపించింది.

లలిత చేతిలో ఏమీ లేదు. టోపీలకు నూనె అద్దింది నేను.

అన్నాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, సిగ్గు లేకుండా. రేపు పొద్దున ఎదురింటివాళ్ళు మిరప నారు పోస్తున్నారు. మొదటి గింజ వేయడానికి రమ్మన్నారు. వెళ్తాను.